బయటికి గడి లేని పుస్తకం

ఆ హైస్కూలు గేటు దగ్గర గంటమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆమెకే సగం మరుపు. ఇరవై ఆరేళ్ళుగా గంట కొట్టేది ఆమే, గేటు తీసేది ఆమే, ఆలస్యంగా వచ్చిన పిల్లల చెవి మెలిపెట్టి, ఎవరూ చూడకముందే లోపలికి తోసేదీ ఆమే. చదువు ఆమెకు అబ్బలేదు. అంకెలు మాత్రం వచ్చు. బస్సుల మీదివి, గడియారంలోవి, క్లాసు తలుపుల మీదివి చూసి చూసి నేర్చుకుంది. అక్షరాల్లో వచ్చింది ఒక్కటే: గ. అది బడి గుమాస్తా నేర్పాడు.

"నీకు ఇదొక్కటి చాలు గంటమ్మా. దీన్ని చూస్తే బ్యాంకువాడు కూడా లేచి నిలబడతాడు" అన్నాడు.

గ రాసి దాని చుట్టూ ఒక సున్నా చుడుతుంది. అదే ఆమె సంతకం.

ఆ ఏడు బడి తెరిచిన రోజున మునిసిపాలిటీవాళ్ళు ఒక నల్లబోర్డు తెచ్చి గేటుకు బిగించారు. అంతకుముందు ఏడాది ఊళ్ళో హైస్కూళ్ళన్నీ కలిసి అరవై మంది పిల్లల్ని బయటికి పంపేశాయట. కొట్టుకున్నారని ఒకళ్ళను, ఎదురు మాట్లాడారని ఒకళ్ళను. అలా తీసేసిన పిల్లలు వీధుల వెంట పడి తిరుగుతుంటే కౌన్సిల్లో పెద్ద రచ్చే జరిగింది. ఇకమీదట ఏ బడీ ఏ బిడ్డనూ తీసేయకుండా చూడాలని తీర్మానం చేశారు. మంచి మాటే. కాదనేవాళ్ళెవరు? బోర్డు మీద ఏం రాసుందో గుమాస్తా ఆమెకు చదివి చెప్పాడు: "ఈ బడి ఏ బిడ్డనూ తీసేయకుండా గడిచిన రోజులు." కింద మూడు మేకులు. రేకుతో కోసిన తెల్లటి అంకెలు ఒక డబ్బాలో పెట్టి ఇచ్చారు. రోజూ పొద్దున్నే ఒకటి కలిపి తగిలించాలి. ఏడాది నిండా తగిలించగలిగిన బడికి మునిసిపాలిటీ ఒక టీచరును అదనంగా ఇస్తుంది. మొండి పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడి దారికి తెచ్చే టీచరు.

"సెలవు రోజులు కూడా లెక్కేనా సార్?" అని గంటమ్మ పెద్దసారును అడిగింది. పెద్దసారంటే హెడ్మాస్టరు.

"లెక్కే" అన్నాడాయన.

"సెలవుల్లో తీసేయడానికి పిల్లలుండరు కదా, ఆ రోజులు ఇంకా భద్రం" అన్నాడు గుమాస్తా, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

గంటమ్మ నవ్వలేదు. ఆ అంకెల పిచ్చి ఆమెకు పట్టుకుంది. ఎవరైనా అంతే, పెంచమని చేతికి ఒక మొక్క ఇస్తే దానికి నీళ్ళు పోయకుండా ఎలా ఉంటారు? సెలవు రోజున కూడా నడిచి వచ్చి అంకె మార్చి వెళ్ళేది. వారానికోసారి కిరసనాయిలు గుడ్డతో రేకులు తుడిచేది. పక్కవీధి బడి లెక్క నలభై దగ్గరే తెగిపోయి మళ్ళీ సున్నాకు వచ్చింది. ఆ బడి వాచ్‌మన్ దారిలో కనబడితే, "మాది తొంభై ఆరు నాయనా, మీది ఎంత?" అని కావాలనే అడిగేది. అతను మొహం మాడ్చుకుని పోతుంటే ఆమెకు పూటంతా హుషారు.

ఆ బడిలోనే పదో తరగతిలో ఆమె మనవరాలు ఉంది. మిడత అంటారు. నడక రాకముందే గెంతడం నేర్చింది మరి. తండ్రి సంగతి ఆ ఇంట్లో ఎత్తరు. తల్లి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పనిచేస్తుంది. మిడతకు పుస్తకం పట్టుకుంటే ఆవలింతలు, వైరు పట్టుకుంటే ప్రాణం. ఏడో తరగతిలో ఉండగా బడిలో కరెంటు గంట చెడిపోయింది. మేస్త్రీ రేపు వస్తా మాపు వస్తా అంటూ వారం తిప్పాడు. ఈ పిల్ల స్టూలెక్కి, జడపిన్నుతో మూత విప్పి, లోపల ఏదో గీకి, ఏదో బిగించి దిగింది. గంట మోగింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మళ్ళీ ఆగలేదు. మీట నొక్కినప్పుడల్లా గంటమ్మకు ఒళ్ళు పొంగేది.

నూట పన్నెండో రోజున సైన్సు గదిలో గొడవ జరిగింది.

బల్లకున్న ప్లగ్గు మూత విప్పి చూస్తోందని సైన్సు సారు మిడతను లేపాడు. లేపి ఊరుకోలేదు. "పోయి మీ అమ్మ పక్కన నిలబడి మురికి గుడ్డలు ఉతుక్కోరాదూ? ఆ మిషన్లు విప్పుకుందువు గాని" అన్నాడు. క్లాసు నవ్వింది. మిడత బల్ల మీది సీసాలన్నిటినీ ఒక్క చేత్తో ఊడ్చి నేలకు కొట్టింది. పెంకు ఒకటి ఎగిరి ముందు బెంచీ పిల్ల కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. వెంట్రుకవాసిలో కంటికి దెబ్బ తప్పింది.

తప్పు మిడతదే. గంటమ్మ కూడా కాదనలేదు. నలుగురి ముందూ మనవరాలి వీపు మీద రెండు చరిచింది.

"ఆయన ఏమన్నాడో అడగవా అమ్మమ్మా?"

"ఆయన అన్నది గాలిలో పోతుంది. ఆ పిల్ల మొహం మీద గీత జన్మంతా ఉంటుంది. నోర్మూసుకో."

పెద్దసారు తల్లినీ అమ్మమ్మనూ గదిలోకి పిలిచాడు. ఇదివరకైతే అదే పూట తీసేసినట్టు కాగితం చేతిలో పెట్టేవారు. గంటమ్మ అలాంటి కాగితాలు పట్టుకుని ఏడుస్తూ గేటు దాటిన తల్లుల్ని ఎంతమందినో చూసింది.

"తీసేయం. ఆ మాటే ఇప్పుడు ఈ బడిలో లేదు" అన్నాడు పెద్దసారు. గంటమ్మ గుండె కుదుటపడింది. "పేరు రిజిస్టరులోనే ఉంటుంది. పొద్దున గంట వేళకు గేటు దగ్గరికి వస్తుంది. హాజరు పడుతుంది. పక్కగేటులోంచి ఇంటికి వెళ్ళి చదువుకుంటుంది. పాఠాల కాగితాలు నువ్వే తీసుకెళ్ళి ఇద్దువు గాని గంటమ్మా. కొన్నాళ్ళే. వేడి చల్లారేదాకా."

"ఎన్నాళ్ళు సార్?" అంది మిడత తల్లి.

"చెప్పాను కదమ్మా, కొన్నాళ్ళు."

"ఇంటికి పంపేశాక హాజరెలా అవుతుంది సార్?"

గంటమ్మ కూతురి మోచెయ్యి గిల్లింది. "సారు మన మేలు కోరి చెబుతుంటే నీ అడ్డు ప్రశ్నలేమిటే?" అని, పెద్దసారు వైపు తిరిగి చేతులు జోడించింది. "మీరు చల్లగా ఉండాలి సార్."

మనవరాలి మేలు కోసమే జోడించింది. కాదనలేం. కానీ ఆ క్షణాన ఆమె కళ్ళ ముందున్నది మనవరాలి మొహం ఒక్కటే కాదు. గేటు మీద నూట పన్నెండు కూడా ఉంది. కిరసనాయిలు పెట్టి తుడిచిన అంకెలు. వాటిని తన ఇంటి పిల్లే సున్నాకు దించితే పక్కబడి వాచ్‌మన్ ముందు తల ఎలా ఎత్తుకోవడం? ఈ సంగతి ఆమె చాలా రోజులు తనకు తాను కూడా చెప్పుకోలేదు.

మర్నాటి నుంచి గుమాస్తా గేటు దగ్గర ఒక కొత్త పుస్తకం పెట్టించాడు. పేరు, తరగతి, లోపలికి వచ్చిన వేళ, గేటు సంతకం. నాలుగే గడులు. మిడత వచ్చి పేరు రాస్తుంది, గంటమ్మ పక్కన గ చుడుతుంది. అది చూసి క్లాసు టీచరు హాజరు వేసుకుంటుంది. గంటమ్మ మీట నొక్కుతుంది, అంకె మారుస్తుంది, తర్వాత వెళ్ళి పక్కగేటు గొళ్ళెం తీస్తుంది. మిడత సంచి భుజాన వేసుకుని వీధిలోకి నడుస్తుంది.

మొదటి రెండు వారాలు పాఠాల కాగితాలు వచ్చాయి. తర్వాత సోమవారానికి సోమవారం వచ్చాయి. తర్వాత, "జిరాక్సు మిషను చెడింది" అన్నారు. అది బాగయ్యాక కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. గంటమ్మ అడిగితే సైన్సు సారు నీళ్ళు నమిలాడు. పెద్దసారు, "పరీక్షల హడావుడి తగ్గనీ" అన్నాడు. హడావుడి తగ్గడానికి అది పెళ్ళిల్లు కాదుగా, బడి.

ఇంట్లో మిడత రేడియో విప్పింది, బిగించింది. కుక్కరు పిడి బాగుచేసింది. ఇంటి పైవాళ్ళ ఫ్యాను బాగుచేసింది. విప్పడానికి ఇంకేమీ మిగలక గోడకు కాళ్ళు తన్ని పడుకుంది.

"ఒకరోజు మానేస్తే ఏమవుతుంది అమ్మమ్మా? రోజూ నీ గ కోసం అంత దూరం రావాలా?"

"వరసగా పది రోజులు రాకపోతే మునిసిపాలిటీవాళ్ళు మీ అమ్మ మీద కేసు పెడతారు, పిల్లను బడికి పంపడం లేదని. గుమాస్తా చెప్పాడు. ఆస్పత్రిలో పని కూడా పోతుంది."

"అంటే వాళ్ళు రావద్దంటే తప్పు కాదు, నేను రాకపోతే తప్పు."

గంటమ్మ కంచం ముందుకు జరిపింది. "అన్నం తిను" అంది.

రెండు వందల తొంభయ్యో రోజు ప్రాంతాన పాత విద్యార్థి ఒకడు బడిలో లిఫ్టు బాగుచేయడానికి వచ్చాడు. నాలుగేళ్ళ క్రితం కాగితం చేతిలో పెట్టి తీసేసిన పిల్లాడే. ఇప్పుడు గడ్డం, చేతిలో పనిముట్ల పెట్టె.

"నీకు ఈ పని ఎవరు నేర్పారురా?" అని గంటమ్మ అడిగింది.

"మునిసిపాలిటీ పనిబడి ఉంది కదమ్మా, నది అవతల. బళ్ళోంచి తీసేసిన పిల్లలకనే పెట్టారు. కరెంటు పని, వెల్డింగు, అన్నీ నేర్పుతారు. క్లాసుకు పన్నెండు మందే. పదో తరగతి పరీక్ష కూడా వాళ్ళే రాయిస్తారు. వచ్చే నెలాఖరు దాకా చేర్చుకుంటారు."

గంటమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. నెలాఖరంటే మూడు వందల నలభయ్యో రోజు. చాలా టైముంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వుతూ అన్నం తిన్నారు. చాలా రోజులైంది అలా తిని.

మర్నాడు అంకె మార్చి, అరపూట సెలవు పెట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు పోయింది. కిటికీ వెనక ఒక కుర్రాడు మిడత పేరు కంప్యూటర్లో కొట్టి చూశాడు.

"తీసేసిన కాగితం తెచ్చారా?"

"తీసేయలేదు బాబూ."

"మరి పనిబడి ఎందుకు? ఈ అమ్మాయి శుభ్రంగా బడికి వెళ్తోంది. వందకు తొంభై ఎనిమిది రోజులు హాజరు. మా ఇంట్లో పిల్లలకే అంత లేదు."

"బడికి వెళ్ళడం లేదయ్యా. గేటు దాకా వెళ్తోంది."

"ఇక్కడ గేటు అని లేదు పెద్దమ్మా. బడి అనే ఉంది. తీసేశామని వాళ్ళు రాసిస్తే ఈ పూటే చేర్చుకుంటాం. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఈ ఏడు ఊరంతటా తీసేసిన పిల్లలు ఒకరిద్దరే కదా."

గంటమ్మ అక్కడి నుంచి తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు.

"సార్, నా మనవరాల్ని తీసేయండి."

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "ఏమన్నావు?"

"తీసేశామని ఒక్క ముక్క రాసివ్వండి. పనిబడిలో చేర్చుకుంటారట. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె జ్వరంతో పడుంటే స్వయంగా గంట కొట్టిన మనిషి. నెమ్మదిగా చెప్పాడు. "ఇంకో డెబ్భై ఎనభై రోజులు ఆగితే ఏడాది నిండుతుంది గంటమ్మా. ఆ టీచరు వస్తుంది. నీ మనవరాలి లాంటివాళ్ళు ఈ బడిలో ఇంకా ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ కోసమేగా ఇదంతా? ఒక్క కాగితం రాస్తే బోర్డు సున్నాకు వస్తుంది. ఇరవై మంది నోట్లో మట్టి కొట్టమంటావా?"

"మరి నా పిల్ల నోట్లో?"

"ఏడాది నిండనీ. అప్పుడు చూద్దాం."

"వచ్చే నెలాఖరుకు చేర్చుకోవడం ఆపేస్తారు సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిప్పాడు. ఆమె బయటికి వచ్చింది. ఆ తర్వాత నెలంతా వారానికి రెండుసార్లు వెళ్ళి అదే అడిగింది. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆయన ఫోన్ చెవికి పెట్టుకునేవాడు.

నెలాఖరుకు నాలుగు రోజులున్నాయనగా, మునిసిపాలిటీ నుంచి బడులు తనిఖీ చేసే ఆఫీసరమ్మ వస్తోందని కబురొచ్చింది. బడికి సున్నం వేశారు. పూలకుండీలు అద్దెకు తెచ్చారు. బోర్డు బాగా తుడవమని గుమాస్తా చెప్పాడు.

గంటమ్మ తుడిచింది. తుడిచి, మూడు వందల ముప్ఫై ఆరు తగిలించాల్సిన చోట, డబ్బాలోంచి సున్నా ఒక్కటే తీసి తగిలించింది.

ఆఫీసరమ్మ కారు దిగి బోర్డు చూసి ఆగిపోయింది. వెనకే వచ్చిన పెద్దసారు కూడా సున్నా చూశాడు. మరుక్షణంలోనే తేరుకుని నవ్వాడు. "మా గంటమ్మకు చదువు రాదండి. డబ్బాలో అంకెలు కలిసిపోయి ఉంటాయి."

"అంకెలు నాకు వచ్చు" అంది గంటమ్మ. "రోజూ తగిలించింది నేనే. అది సున్నానేనమ్మా. నా మనవరాల్ని నూట పన్నెండో రోజునే తీసేశారు. కాగితం ఇవ్వలేదు, అంతే. రోజూ హాజరు వేసి ఆ పక్కగేటులోంచి బయటికి పంపుతారు. గొళ్ళెం తీసేది నేనే."

ఆఫీసరమ్మ మంచిదే. కొట్టిపారేయలేదు. చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. గంటమ్మను కూడా కూర్చోమంది, ఆమె కూర్చోలేదు. క్లాసు రిజిస్టరు తెప్పించింది. మిడత పేరుకెదురుగా రోజూ హాజరు. "ఇది ఏ ఆధారంతో వేశారు?" అని క్లాసు టీచరును అడిగింది. టీచరు గేటు పుస్తకం చూపించింది.

ఆఫీసరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. పేరు. తరగతి. లోపలికి వచ్చిన వేళ. పక్కన సున్నా చుట్టిన గ. పేజీ తర్వాత పేజీ. నూట డెబ్భై పైచిలుకు గలు.

"పెద్దమ్మా, ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"అమ్మాయి రోజూ లోపలికి వచ్చిందని మీరే సంతకం పెట్టారా?"

"లోపలికి వచ్చిందమ్మా. వచ్చి, వెళ్ళిపోయేది."

"వెళ్ళినట్టు ఎక్కడ రాశారు?"

గంటమ్మ పుస్తకంలోకి చూసింది. అక్షరాలు రాకపోయినా గడులు లెక్కపెట్టగలదు. నాలుగే ఉన్నాయి. "వెళ్ళినట్టు రాయడానికి గడి లేదమ్మా."

గుమాస్తా నేల చూపులు చూస్తున్నాడు. గడులు గీసింది అతనే.

ఆఫీసరమ్మ పుస్తకం మూసింది. గొంతు తగ్గించి అంది, "మీ బాధ నాకు అర్థమైంది. కానీ నేను పైకి ఏం రాయను? ఒకవైపు మీ మాట, ఒకవైపు మీ సంతకాలు. మాట నిజమంటే సంతకాలు దొంగవి అవుతాయి. దొంగ హాజరు వేయించిన మనిషిగా మొదట పోయేది మీ ఉద్యోగమే. ఆలోచించుకోండి."

"పోనివ్వండి. పిల్లకు కాగితం వస్తుందా?"

ఆఫీసరమ్మ పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు బోర్డు వైపు చూశాడు. "విచారణ వేస్తే రెండు మూడు నెలలు పడుతుంది" అంది ఆమె. పనిబడికి ఉన్నది నాలుగు రోజులు.

ఆఫీసరమ్మ పూలకుండీల పక్కన ఫోటో తీయించుకుని వెళ్ళిపోయింది. గుమాస్తా డబ్బా తెచ్చి గంటమ్మ చేతిలో పెట్టాడు. ఆమె సున్నా తీసి, మూడు, మూడు, ఆరు తగిలించింది. వేళ్ళకు అలవాటైన పని.

సాయంత్రం జరిగిందంతా ఇంట్లో చెప్పింది. చెప్పాక, ఇన్నాళ్ళూ మింగిన మాట కూడా కక్కేసింది. "ఆ రోజు సారు ముందు నీ నోరు నొక్కింది నేనే. సగం ఆ అంకెల కోసమే. మా బడి లెక్క తెగకూడదని."

కూతురు ఆస్పత్రి బట్టలుతికే మందు వాసన వేసే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేనూ పని పోతుందనే ఊరుకున్నాను లే అమ్మా" అని, మిడత వైపు తిరిగింది. "నెలాఖరు దాటాక నాతో రా. మడతలు పెట్టేదానికి మనిషి కావాలంటున్నారు."

"సైన్సు సారు చెప్పిన చోటికే" అంది మిడత. ఏడవలేదు, నవ్వలేదు.

నెలాఖరు వచ్చింది, పోయింది. మూడు వందల నలభై ఒకటో రోజు పొద్దున గంటమ్మ గేటు తీసింది. అంకె మార్చింది. తుడవలేదు. గంట మీట నొక్కితే మనవరాలు బాగుచేసిన గంట బడంతా ఖంగుమని మోగింది. ఆ వేళకు మిడత ఆస్పత్రిలో, వేడివేడి దుప్పటి ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకున్న తల్లి వైపు నడుస్తూ ఉంటుంది.

పుస్తకం తెరిచి ఉంది. మిడత పేరు గుమాస్తా ముందే రాసిపెట్టాడు, వేళ కూడా వేశాడు. "కూతురి మీద కేసు ఎందుకు గంటమ్మా" అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

గంటమ్మ పెన్ను తీసుకుని గ రాసింది. చుట్టూ సున్నా చుట్టింది. పక్కగేటు గొళ్ళెం మాత్రం ఆ రోజు తీయాల్సిన పని పడలేదు.